బ్రౌను దొర – మన మిశ్రభాష

ఆంధ్ర వాఙ్మయానికి సేవ చేసిన విదేశీయులలో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను అగ్రగణ్యులు. ఆయన వేమన పద్యాలను వెలికితెచ్చిన కథ మన విద్యార్థులందరూ చదివినదే. ఒక మాటకు అర్థం ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్న ఆయనను జీవితాంతం వెంబడించిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

ఆ ప్రశ్న నాకు ఒక జవాబుపత్రంలో ఎదురైనది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే విద్యార్థి ఒకడు 'రాజీనామా' అనగా ఇరుపక్షాలు రాజీపడి వ్రాసుకొన్న కాగితమని వ్రాసినాడు. ఉద్యోగం వదులుకొనే పత్రం కదా అని నేను ఎర్రసిరాతో కొట్టివేసినాను. ఇంటికి వెళ్ళిన తర్వాత గాని తోచలేదు, మా ఇంటి ఉర్దూలోనూ ఆ మాటకు ఆ కుర్రవాడు చెప్పిన అర్థమే ఉన్నదని. ఆ రాత్రి బ్రౌను జీవితాన్ని మరల తిరగవేసినాను.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించినారు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యులు, బహుభాషావేత్త. 1812లో తండ్రి గతించగా కుటుంబం ఇంగ్లండు చేరినది. హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817లో కంపెనీ ఉద్యోగిగా చెన్నపట్నంలో దిగినారు. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అక్షరాలు దిద్దినారు. 1820లో గవర్నరు థామస్ మన్రో, ప్రజల భాష రాని అధికారి ప్రజలకు న్యాయం చేయలేడన్న భావంతో యువ ఉద్యోగులకు చేసిన ప్రసంగం బ్రౌను మనస్సులో నాటుకొన్నది. ఆ మన్రో మనకు కొత్తవాడు కాదు. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చివేసిన సీమకు ఆయనే మొదటి ప్రధాన కలెక్టరు. ఆదోని ఆ సీమలోనిదే. 1827లో కలరా సోకి ఆయన కన్నుమూసినది మన పత్తికొండలోనే.

కడపలోను, మచిలీపట్నంలోను ఉద్యోగం చేస్తూ బ్రౌను రెండు తెలుగులు విన్నారు. పండితుల తెలుగు ఒకటి, కచేరీ మెట్ల మీద వినబడే తెలుగు మరొకటి. రెండవదానిలో అరబ్బీ, పారశీక, హిందుస్తానీ మాటలు నిండి ఉండేవి. అయితే అవి పుట్టింటి అర్థంతో రాలేదు. అరబ్బీలో పరదేశి అయిన 'గరీబు' ఇక్కడ బీదవాడైనాడు. పారశీకంలో వేట అయిన 'షికారు' సాయంకాలపు విహారమైనది. ఆర్తనాదమైన 'ఫిర్యాదు' కోర్టులో దాఖలు చేసే కాగితమైనది. పాలితుడైన ప్రతి ప్రజనూ సూచించిన మాట దున్నేవానికే పరిమితమై 'రైతు' అయినది. ఇటువంటివి తెలియాలంటే నిఘంటువు చాలదు, ఆదోని ప్రత్తి మార్కెట్టులో ఒక ఉదయం నిలబడాలి. దలాలీ, రైతు, హమాలీ ఒకే వాక్యంలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపి మాట్లాడుకొంటారు. ఎమ్మిగనూరు మగ్గాల వీధులలోనూ అంతే.

పండితులకు ఇది కల్తీభాష. న్యాయాసనం మీద కూర్చున్న బ్రౌనుకు ఇది సాక్షి నోటిమాట. దాని అర్థం తప్పితే ఒకరి భూమి మరొకరి పాలవుతుంది.

మాట విలువ ఎంతటిదో ఆయనకు 1832-33లో బాగా తెలిసివచ్చినది. నందన సంవత్సరపు కరువులో గుంటూరు ప్రాంతం శ్మశానమైనది. లక్షన్నర నుండి రెండు లక్షల మంది మరణించినారని చరిత్రకారుల అంచనా. పైఅధికారులు దానిని 'కొరత' అని వ్రాయించదలచినారు. బ్రౌను 'కరువు' అనే వ్రాసినారు. దఫ్తరులో కూర్చున్నవారికి రెండు మాటలకూ భేదం స్వల్పం. గంజికేంద్రం ముందు నిలిచినవానికి అది ప్రాణం. ప్రభుత్వంతో ఆయనకు పొసగకపోవడానికి ఈ పట్టుదల ఒక కారణం. 1834లో కొలువు పోయి స్వదేశం వెళ్ళినారు. కొన్నేండ్లకు తిరిగివచ్చి చెన్నపట్నంలో పారశీక అనువాదకులైనారు.

కడప బంగళాలో స్వంత జీతంతో పండితులను పోషించి కావ్యాలు పరిష్కరింపజేసిన వైభవం అందరూ వర్ణించినదే. నాకు అంతకన్న ప్రియమైనది మరొక పని. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన బ్రౌను, 1854లో తెలుగులో వాడుకైన అన్యదేశ్యాలకు, మిశ్రభాషా పదాలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువు అచ్చువేయించినారు. మన ఇళ్ళలో, అంగళ్ళలో పలికే మాటలకు అచ్చులో స్వంత చోటు దొరికినది. ఈ గ్రంథానికి రావలసినంత కీర్తి రాలేదని నా అభిప్రాయం.

1855లో ఆయన భారతదేశం విడిచినారు. తర్వాత లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యులుగా ఉండి, 1884 డిసెంబరు 12న అవివాహితులుగానే అస్తమించినారు. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలంలోనే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి కృషితో బ్రౌను గ్రంథాలయం వెలసినది. కడప వెళ్ళే మన విద్యార్థులు ఒక పూట అక్కడ గడపవచ్చును.

ఆ జవాబుపత్రంలో కొట్టివేసిన మార్కులు మరునాడు తిరిగి వేసినాను. ప్రక్కన రెండవ అర్థం కూడా వ్రాసి ఇచ్చినాను.