అమ్ముగూడ యువకుడిని ఒలింపియన్‌ను చేసిన రహీం

మేడ్చల్: భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగాన్ని అందించిన హైదరాబాదీ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన ఆయన ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. ఆయన శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. క్రమశిక్షణ విషయంలో రహీం కఠినుడు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నిబంధనతో పోటీలు నిర్వహించేవారు.

సికింద్రాబాద్ శివారులోని అమ్ముగూడకు చెందిన నిరుపేద యువకుడు తులసీదాస్ బలరాం ప్రతిభను గుర్తించింది ఆయనే. సాధనకు వచ్చేందుకు సైకిలు అద్దె డబ్బులు కూడా ఆయనే సమకూర్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన జట్టులో బలరాం సభ్యుడు.

ఆనాడు పేరు తెచ్చుకున్న ప్రతి ఆటగాడికీ సొంతూరా, కలకత్తా క్లబ్బా అన్న సందిగ్ధం తప్పేది కాదు. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌ను ఎంచుకున్నారు. నగరం వీడినా రహీం జాతీయ జట్టులో ఆయన స్థానం చెక్కుచెదరలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ, పెరూలపై గోల్స్ చేశారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇద్దరూ స్వర్ణం అందుకున్నారు. క్యాన్సర్‌తోనే ఆ జట్టును నడిపించిన రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. శిష్యుడు బలరాం 2023లో మరణించారు.