మునగాల దివాను, తెలుగు విజ్ఞాన సర్వస్వ పితామహుడు
శ్రీ కొమర్రాజు లక్ష్మణరావు

ఉద్యోగం చేస్తూనే ఊరికీ భాషకూ పనికివచ్చే పని చేయవచ్చునా అన్న ప్రశ్న మన సంఘ సమావేశాల్లో తరచుగా వస్తుంటుంది. నడిగూడెం కోటలో దివానుగా పనిచేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారి జీవితమే దానికి జవాబు.

ఆయన 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రి వెంకటప్పయ్యగారు గతించారు. అక్క భండారు అచ్చమాంబగారు, బావ మాధవరావుగారు ఆయనను నాగపూరులో తమ వద్ద ఉంచుకొని చదివించారు. తమ్ముడు నేర్చుకున్నదల్లా అక్క కూడా నేర్చుకొని, తొలి తెలుగు కథారచయిత్రులలో ఒకరుగా పేరు తెచ్చుకున్నారు. అక్కడే లక్ష్మణరావుగారికి మరాఠీ పట్టుబడింది. పొరుగు భాషలో శాస్త్రగ్రంథాలు, చరిత్రలు వస్తుంటే తెలుగులో ఎందుకు రావడం లేదన్న బాధ కూడా అక్కడే మొదలైంది.

బి.ఏ. ముగించి, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారి వద్ద దివానుగా చేరారు. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మద్రాసు ప్రభుత్వం కిందనున్న మునగాల పరగణా. అక్కడి నుంచి హైదరాబాదు తెలుగువారి అవసరాలు ఆయనకు బాగా తెలిశాయి. 1901లో రావిచెట్టు రంగారావుగారింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. లింకన్ జీవితచరిత్రతో మొదలైన ఆ గ్రంథమాలలో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రతో పాటు సైన్సు పుస్తకాలూ వచ్చాయి. ఈ రెంటి వెనుకా లక్ష్మణరావుగారి ఆలోచన, రాజావారి అండ ఉన్నాయి.

తరువాత మద్రాసుకు మకాం మార్చారు. సంస్థానం వ్యవహారాలు ఒకవైపు చూసుకుంటూనే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. అప్పటికి తెలుగులో అలాంటి గ్రంథం లేదు. శాస్త్రాలకు మాటలు సృష్టించుకోవాలి, వ్యాసాలు రాయించాలి, రానివి తానే రాయాలి, అచ్చు ఖర్చు భరించాలి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తోడు నిలిచారు. తరువాత గొప్ప చరిత్రకారుడైన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ఆయన వద్దనే పని నేర్చారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. కాని అవి వర్ణమాలలో తొలి అక్షరాలు దాటలేదు.

ఇలాంటి పని మోసినవారి కష్టం ఎక్కడైనా ఒకటే. ఐరోపాలో ప్రాచీన విద్యలు మళ్ళీ చిగురించిన కాలంలో, 1572లో, జెనీవాలో ఆన్రీ ఎతియెన్ అనే ముద్రాపకుడు గ్రీకు భాషకు మహానిఘంటువు అచ్చువేశాడు. దానితో ఆస్తి కరిగిపోయింది. ఆయన వద్ద పనిచేసిన వ్యక్తే దాన్ని కుదించి చౌకగా అమ్మేసరికి అసలు గ్రంథం అమ్మకం దెబ్బతిన్నది. అయినా ఆ నిఘంటువును తరువాతి పండితులు శతాబ్దాల పాటు వాడుకున్నారు. నేడు దాని తొలి ప్రతులు అపురూపం. మన సర్వస్వం తొలి సంపుటాలు కూడా పాత గ్రంథాలయాల బీరువాల్లోనే అరుదుగా కనిపిస్తాయి.

1919లో వీరేశలింగం పంతులుగారు మద్రాసులో లక్ష్మణరావుగారి ఇంటనే కన్నుమూశారు. నాలుగేళ్ళకు, 1923 జూలై 12న, లక్ష్మణరావుగారూ వెళ్ళిపోయారు. అప్పటికి నలభై ఆరేళ్ళు. పదవీ విరమణ వయసు కూడా రాలేదు. సర్వస్వాన్ని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1930లలో తిరిగి చేపట్టారు. కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారు వైద్యురాలై, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మేనత్త పేరు అలా నిలిచింది.

నడిగూడెం నేడు సూర్యాపేట జిల్లాలో ఒక మండల కేంద్రం. అటు వెళ్ళే మన మిత్రులు పిల్లలకు ఆ కోట చూపించి, ఇక్కడొక ఉద్యోగి జీతానికి మించిన పని చేశాడని చెప్పాలి. ఆయన పని పూర్తి కాలేదు నిజమే. కాని మొదలుపెట్టినందువల్లనే తరువాతివారికి అందుకోవడానికి ఒక కొస దొరికింది. సర్వీసు ముగిసి, తీరిక, అనుభవం రెండూ ఉన్న మనం కూడా మన ఊరి చరిత్రో, మన వృత్తిలోని మాటలో నాలుగు పేజీలు రాసిపెడితే ఆ మహనీయునికి అదే నిజమైన నివాళి.