చౌటపల్లి నుంచి వచ్చిన గొంతు

మన గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922 డిసెంబర్ 4న ఘంటసాల వెంకటేశ్వరరావు గారు పుట్టారు. తల్లి రత్తమ్మ, తండ్రి సూరయ్య. సూరయ్య గారు నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. కొడుకును భజనలకు వెంట తీసుకెళ్లేవారు. ఆయన చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక.

ఆ కోరిక తీర్చడానికి చేతి ఉంగరం అమ్ముకొని ఘంటసాల విజయనగరం చేరారు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు డబ్బు తీసుకోకుండా ఇంట్లో ఉంచుకొని పాఠం చెప్పారు. కూటికి మాత్రం దారి లేదు. జోలె కట్టి ఇంటింటికీ తిరిగి మధుకరం ఎత్తారు. అలా తింటూనే సంగీత కళాశాలలో చదువు పూర్తి చేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి మిత్రులారా. ఆ రోజుల్లో జోలె పట్టిన బ్రాహ్మణ విద్యార్థికి గుమ్మాలు తెరుచుకునేవి. మన తాతలకు ఆ గుమ్మం దాకా వెళ్లే దారే లేదు. మనకు అన్నం పెట్టింది ఈ హాస్టల్. అది దానం కాదు, పోరాడి తెచ్చుకున్న హక్కు. అయినా ఆకలి ఎవరిదైనా ఆకలే. ఆకలితో చదివినవాడి కష్టం మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని ఆయన బళ్లారి అల్లీపురం జైలుకు వెళ్లారు. తర్వాత మద్రాసులో అవకాశాల కోసం తిరిగారు. సముద్రాల రాఘవాచార్యులు గారు అండగా నిలిచారు. స్వర్గసీమ (1945)లో భానుమతి గారితో పాడారు. పాతాళభైరవి (1951)కి సంగీతం కూర్చారు. దేవదాసు (1953) పాటలతో ఊరూరా తెలిశారు.

అప్పటి రికార్డింగు మోనో. శబ్దమంతా ఒకే ట్రాకులో ఉండేది. గాయకుడు, వాద్యాలవారు కలిసే పాడి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాల్సిందే. మాయాబజార్ (1957) పాటలు అలా తయారైనవే. 2010లో ఆ సినిమాకు రంగులద్ది, డీటీఎస్ శబ్దంతో మళ్లీ విడుదల చేశారు.

ఉద్యోగాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు కొందరు టీవీ కింద పెట్టే సౌండ్‌బార్ తీసేసి హోమ్ థియేటర్ కొంటున్నారు. 5.1 అంటే ముందు మూడు స్పీకర్లు, వెనకపక్క రెండు, గుమగుమలాడే బేస్ డబ్బా ఒకటి. కొనేవారికి ఒక సూచన. పాత పాట మోనోలోనే ఉంటే చుట్టూ ఎన్ని పెట్టెలు పెట్టినా అది ఒకే ట్రాకు. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది ముందు వరుసలోని మధ్య స్పీకర్ నుంచే. కాబట్టి వెనక పెట్టెల మోత చూసి కాదు, మధ్య పెట్టెలో గొంతు ఎంత స్పష్టంగా ఉందో విని కొనాలి.

1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆరోగ్యం దెబ్బతిన్న రోజుల్లో భగవద్గీత శ్లోకాలు రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లే.

ఆయన పాటను నిలబెట్టింది పరికరం కాదు, సాధన. తమ్ముళ్లూ, మంచి సెట్టు మీరూ ఒకనాడు కొంటారు. ముందు చదువు సాధన చేయండి. సాధన లేని గొంతును ఎన్ని స్పీకర్లూ గొప్ప చేయలేవు.