సిప్లా స్థాపకులు డాక్టర్ హమీద్ సాహెబ్

మందుల డబ్బాల మీద సిప్లా అనే పేరు మనం తరచు చూస్తూనే ఉంటాము. కాని ఆ కంపెనీ ఎలా మొదలయిందో మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

దాని స్థాపకులు డాక్టర్ ఖ్వాజా అబ్దుల్ హమీద్ సాహెబ్. 1898లో అలీగఢ్‌లో జన్మించారు. బెర్లిన్ వెళ్ళి రసాయన శాస్త్రంలో డాక్టరేటు సంపాదించారు. ఆ కాలంలో మేలైన మందులు ఎక్కువగా విదేశాల నుండే వచ్చేవి. అవి మన దేశంలోనే తయారు కావాలని వారి పట్టుదల.

1935 ఆగస్టు 17న బొంబాయిలో కంపెనీ రిజిస్టరయింది. అధీకృత మూలధనం 6 లక్షల రూపాయలు. కాగితం మీది లక్షలు వేరు, చేతిలో రొక్కం వేరు అన్నది మనకు తెలిసిందే. బెల్లాసిస్ రోడ్డులో కొద్ది గదుల చిన్న బంగళాను నెలకు 350 రూపాయల మీద 20 ఏళ్ళకు లీజుకు తీసుకున్నారు. ఒక్క సీసా మందు అమ్మకముందే ఇంత భారం నెత్తికెత్తుకోవడం సామాన్యమైన సంగతి కాదు. పైగా తమ మందుల ఫార్ములాలను రాయల్టీ అడగకుండా కంపెనీకే ఇచ్చేశారు. తొలి సరుకు బజారుకు సిద్ధమయ్యేసరికి 1937 సెప్టెంబరు 22 వచ్చింది. అంటే రెండేళ్ళ పైచిలుకు ఖర్చే గాని అమ్మకం లేదు!

1939 జులై 4న గాంధీజీ స్వయంగా వచ్చి చూసి వెళ్ళారు. యుద్ధం వల్ల దిగుమతులు ఆగిపోయినప్పుడు ఆ చిన్న లాబొరేటరీయే దేశానికి అక్కరకొచ్చింది. సాహెబ్ 1972లో కన్నుమూశారు.

మన కుర్రవాళ్ళు కొందరు ఆరు నెలల్లో లాభం కనబడకపోతే దుకాణం మూసేస్తున్నారు. తాళం వేసేముందు ఆ రెండేళ్ళను ఒక్కసారి తలచుకోవాలని మా మనవి.