పద్యరక్షకులు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు

పలమనేరులోనో పుంగనూరులోనో ఒక పాఠశాల విద్యార్థి తనకు నచ్చిన పద్యమును నోటుపుస్తకపు చివరి పుటలో వ్రాసికొనును. అది చిన్న పనిగా తోచును. కాని తెలుగులో కొన్ని కావ్యములు ఒకప్పుడు ఉండెనని మనకు తెలియుటకు అట్టి చిన్న పనియే కారణము. గ్రంథము నశించినది, ఎవరో ఒక రసికుడు ముచ్చటపడి వేరొకచోట వ్రాసి యుంచిన పద్యము మాత్రము మిగిలినది. అట్టి పద్యములను వెదకి, ఏరి, కూర్చి మనకందించిన మహనీయులలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అగ్రగణ్యులు. వారి జీవితపు కడపటి భాగము నాటి చిత్తూరు జిల్లాలోని తిరుపతిలోనే గడచినది.

శాస్త్రిగారు 1888 ఫిబ్రవరి 7వ తేదీన కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లిలో జన్మించిరి. తల్లి శేషమ్మగారు, తండ్రి సుందరశాస్త్రిగారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి శిష్యులై విద్య నభ్యసించిరి. తిరుపతి వేంకటకవుల అవధానములు ఆంధ్రదేశమును ఉఱ్ఱూతలూగించుచున్న కాలమది. సభలో పుట్టిన పద్యము మరునాటికి ఊరంతయు ప్రాకెడిది. వ్రాసి యుంచువారు లేకున్న కొన్నాళ్ళకు మరుగున పడెడిది. పద్యమునకు గల ఈ బలమును, ఈ బలహీనతను రెండింటిని శాస్త్రిగారు చిన్ననాటనే ఎరిగిరి.

తరువాత వారు మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున ఉద్యోగమున చేరి, చిరకాలమచట పనిచేసిరి. ఆ కొలువే వారికి తపోవనమైనది. తాళపత్రమును చదువుట సామాన్యమైన పని కాదు. గంటముతో వ్రాసిన వ్రాతలో పదమునకు పదమునకు నడుమ ఎడముండదు. పురుగు తిన్నచోట అక్షరము పోవును. లేఖకుడు పొరబడినచోట అర్థము చెడును. అప్పుడు పరిష్కర్తకు దారి చూపునది ఛందస్సు. యతి తప్పినదన్నను, ప్రాస చెడినదన్నను, గణము తక్కువైనదన్నను అక్కడ ఏదో జారిపోయినదని గ్రహింపవలెను. జారిన మాట యేదో ఊహించుటకు ఆ కవి పలుకుబడి, ఆ కాలపు వాడుక కరతలామలకములై యుండవలెను. శాస్త్రిగారికి అవి అట్లే యుండెను.

తాటాకులలోని పద్యముల స్థితి ఇట్లుండగా, జనుల నాలుకలపై నున్న చాటుపద్యముల స్థితి మరింత చిక్కైనది. రాజును పొగడుటకో, లోభిని తెగడుటకో, తిన్న భోజనమును వేళాకోళము చేయుటకో కవి అప్పటికప్పుడు చెప్పిన పద్యము చాటువు. దానికి కావ్యమను ఇల్లు లేదు. ఒక ఊరిలో శ్రీనాథునిదని చెప్పినదానినే మరియొక ఊరిలో వేరొక కవిదని చెప్పుదురు. నోటి నుండి నోటికి మారుకొలది మాటలు మారును. ఇట్లు చెదరియున్న చాటువులను సేకరించి శాస్త్రిగారు “చాటుపద్యమణిమంజరి”గా కూర్చిరి. పండితులకే గాక సామాన్య పాఠకులకు కూడ ఆ గ్రంథము ప్రీతిపాత్రమైనది.

అంతకంటె విలువైన మరియొక సంకలనము 1918లో వెలువడిన “ప్రబంధరత్నావళి”. దాని వెనుక ఒక పాత కథ కలదు. శతాబ్దముల క్రిందట పెదపాటి జగ్గన అను కవి తాను చదివిన కావ్యములనుండి మేలైన పద్యములను ఏరి, వర్ణనల వారీగా అమర్చి “ప్రబంధరత్నాకరము”ను కూర్చెను. అతడు చేసిన గొప్ప మేలొకటి కలదు: పద్యములతో పాటు కవుల పేర్లను, కావ్యముల పేర్లను కూడ తెలిపెను. కాలక్రమమున ఆ కావ్యములలో పెక్కులు నశించినవి. జగ్గన మెచ్చిన పద్యములు మాత్రము నిలిచినవి. అట్టి అలభ్య కావ్యముల పద్యములను శాస్త్రిగారు వెలికి తీసి ప్రకటించిరి. మడికి సింగన “సకలనీతిసమ్మతము” వలన కూడ ఇట్లే కొన్ని పాత నీతిగ్రంథముల జాడ మనకు తెలిసినది. జగ్గన పేర్లు వ్రాయక పద్యములను మాత్రమే వ్రాసి యుండినచో అవి తల్లిదండ్రుల పేరెరుగని బిడ్డలై మిగిలెడివి.

కర్తృత్వము తెలియుట ఎంత ముఖ్యమో, తేల్చుట ఎంత కష్టమో శాస్త్రిగారి జీవితమే తెలుపును. వినుకొండ వల్లభరాయని పేర నున్న “క్రీడాభిరామము” శ్రీనాథుని రచనయేయని వారు వాదించిరి. పండితులందరు దాని నంగీకరింపలేదు. ఐనను ఆ వాదమువలన ఆ గ్రంథమును అక్షరమక్షరము పరిశీలించు అలవాటు బలపడినది. పాల్కురికి సోమనాథుని “బసవపురాణము”ను విపులమైన పీఠికతో 1926లో ప్రకటించి, ఆ ద్విపద కావ్యమునకు శాస్త్రిగారు నూతన గౌరవము కల్పించిరి. భాసుని నాటకములను కొన్నిటిని తెనిగించిరి.

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ 1939లో ఏర్పడినది. తరువాత శాస్త్రిగారు తిరుపతి చేరిరి. తిరుమల ఆలయమున చిరకాలము మరుగున పడియుండి వెలికి వచ్చిన తాళ్ళపాక కవుల రాగిరేకులు అచట వారి కృషికి ఎదురుచూచుచుండెను. అన్నమాచార్యుల సంకీర్తనములలో నిఘంటువుల కెక్కని పలుకుబడులు కోకొల్లలు. మాటను ప్రేమించు వానికి అది గని వంటిది. ఆ సంకీర్తనముల పరిష్కరణమున వారు పాటుపడిరి. అన్నమాచార్యుని మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన “అన్నమాచార్య చరిత్రము”ను విపులమైన పీఠికతో 1949లో ప్రకటించిరి. మరుసటి యేడే, 1950 ఆగస్టు 29వ తేదీన, వారు కీర్తిశేషులైరి.

పలమనేరు తెలుగు, కన్నడ, తమిళ సీమలు చేరువగు తావు. అక్కడి బడిలోని బిడ్డ మూడు భాషలు వినుచు పెరుగుట వింత కాదు. ఆ బిడ్డ నోటుపుస్తకములోని పద్యము ప్రక్కన కవి పేరు, గ్రంథము పేరు వ్రాయించుట ఉపాధ్యాయుని పని. అవ్వ నోట విన్న పద్యమైనచో, ఎవరి వలన ఏ ఊర విన్నదియు వ్రాయవలెను. జగ్గన చేసిన పని అదియే. ప్రభాకరశాస్త్రిగారు జీవితాంతము చేసిన పనియు అదియే. నచ్చిన పద్యమును వల్లించుట ఆనందము. దాని ఊరును పేరును నిలుపుట ఋణము తీర్చుకొనుట.