ఉప్పుతోనే గళగండానికి ఔషధం చూపిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి

హిమాలయ లోయల్లో తరతరాలుగా ప్రజలను పీడించిన గళగండ వ్యాధికి మూలం అయోడిన్ లోపమని క్షేత్రస్థాయి పరిశోధనతో తేల్చి, ప్రతి ఇంటా వాడే ఉప్పుతోనే దానిని అరికట్టవచ్చని దేశానికి చూపిన తెలుగు వైద్య శాస్త్రవేత్త డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. థైరాయిడ్ హార్మోను లోపాన్ని ఒక రోగి కంఠంలోని వాపుగా మాత్రమే గాక, ఒక ప్రాంతపు మట్టికీ, నీటికీ, ఆహారానికీ సంబంధించిన ప్రజా సమస్యగా గుర్తించడం ఆయన ప్రత్యేకత. పరిశోధన ఫలితం తేలడానికి ఆరేళ్లు పట్టగా, అది చట్టంగా స్థిరపడడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది.

రామలింగస్వామి 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్., ఎం.డి. పూర్తిచేశారు. అనంతరం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించి 1951లో డాక్టరేట్ పొందారు. నీలగిరి కొండల్లోని కూనూరు పోషకాహార పరిశోధన శాలలో పనిచేస్తూ, మాంసకృత్తుల లోపంతో శుష్కించే పసిపిల్లల శరీరాల్లో ఏమి జరుగుతుందో అధ్యయనం చేశారు. ఆ పరిశోధన శాలే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థగా రూపొందింది.

కూనూరు పరిశోధన శాలకు పునాది వేసిన రాబర్ట్ మెక్‌కారిసన్ కూడా గళగండాన్ని పరిశోధించినవారే. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో గిల్గిత్ లోయలో పనిచేసిన ఆయన, కలుషిత జలమే ఈ వ్యాధికి కారణమని తొలుత భావించారు. అటుపిమ్మట స్విట్జర్లాండ్, అమెరికాలు 1920ల నాటికే ఉప్పులో అయోడిన్ కలిపి సత్ఫలితాలు సాధించాయి. అయినా హిమాలయాల్లోని వ్యాధికి అదే కారణమా, మన వాతావరణంలో అదే చికిత్స పనిచేస్తుందా అన్న ప్రశ్నలకు మన దేశంలో విస్తృత పరిశోధనతో సమాధానం లభించలేదు. ఆ సమాధానం కోసమే రామలింగస్వామి కాంగ్డా లోయకు వెళ్లారు.

కంఠం ముందు భాగాన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే అవటు గ్రంథినే థైరాయిడ్ అంటారు. ఆహారంలోని అయోడిన్‌ను గ్రహించి ఇది థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. శరీరపు ఎదుగుదలకూ, మెదడు వికాసానికీ, జీవక్రియల వేగానికీ ఈ హార్మోను అత్యవసరం. అయోడిన్ చాలనప్పుడు హార్మోను ఉత్పత్తి తగ్గుతుంది. అప్పుడు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి థైరాయిడ్‌ను మరింతగా ప్రేరేపిస్తుంది. ఆ ఒత్తిడికి గ్రంథి ఉబ్బి గళగండంగా బయటపడుతుంది. పెద్దలకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు మాత్రమే. జీవితకాలానికి లెక్కించినా అది ఒక చెంచాకు మించదు. హిమానీనదాలు, వర్షాలు, వరదలు నేలలోని అయోడిన్‌ను కడిగివేసిన చోట పంటల్లో ఆ కొద్దిపాటి మోతాదు కూడా మిగలదు.

1956లో కాంగ్డా పరిశోధన ఆరంభమైంది. అప్పుడు పంజాబ్‌లో భాగంగా ఉన్న ఆ లోయ ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. సుమారు లక్ష జనాభా గల ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించారు. బడిపిల్లల్లో మూడో వంతుకు మించి గళగండంతో బాధపడుతున్నట్లు తొలి సర్వేలో వెల్లడైంది. ఒక మండలానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, మరొక మండలానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, మూడో మండలానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. తేమతో కూడిన వాతావరణంలో అయోడేట్ ఎక్కువ కాలం నిలుస్తుంది. అందుకే తరువాత దేశమంతటా దానినే ఎంచుకున్నారు.

సూచ్, దేవ్, కర్మార్కర్, కొచ్చుపిళ్లై మొదలైన వైద్యులు ఈ దీర్ఘకాల కృషిలో ఆయనకు సహచరులుగా నిలిచారు. రేడియోధార్మిక అయోడిన్ సాయంతో స్థానికుల థైరాయిడ్ పనితీరును కొలిచారు. ఆ గ్రంథులు అయోడిన్ కోసం దాహంతో ఉన్నట్లుగా, అందిన కొద్దిపాటి మోతాదునూ ఆత్రంగా గ్రహిస్తున్నాయని తేలింది. హిమాలయ గళగండానికి కారణాలను వివరించే ఈ పరిశోధన 1961లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైంది.

1962లో మళ్లీ పిల్లలను పరీక్షించినప్పుడు అయోడిన్ ఉప్పు అందిన రెండు మండలాల్లోనూ వ్యాధి సగానికో, అంతకన్నా ఎక్కువగానో తగ్గింది. మామూలు ఉప్పు తిన్న మండలంలో మార్పు లేదు. శాస్త్రపరంగా ఇది తిరుగులేని నిదర్శనం. అయితే ఆ నిదర్శనం కోసం ఒక మండలం పిల్లలు ఆరేళ్లు చికిత్స లేకుండా గడిపారన్నదీ వాస్తవమే. నేటి పరిశోధన నియమావళి ముందు అటువంటి పద్ధతి కఠిన ప్రశ్నలను ఎదుర్కొంటుంది. ఫలితం తేలిన వెంటనే మూడో మండలానికీ అయోడిన్ ఉప్పు సరఫరా చేశారు. అనంతర సర్వేల్లో అక్కడా వ్యాధి తగ్గుముఖం పట్టింది. పదహారేళ్ల పరిశీలన సారాంశం 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడింది.

1962లోనే కేంద్ర ప్రభుత్వం జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. కానీ అది హిమాలయ పాద ప్రాంతాలకే పరిమితమైంది, ఉప్పు ఉత్పత్తీ చాలలేదు. గళగండం ప్రాణం తీయదు గనుక అది రూపానికి సంబంధించిన లోపమేనన్న ఉపేక్ష కూడా ఉండేది. ఆ ఉపేక్షను తొలగించినది తరువాతి పరిశోధన. ఉత్తరప్రదేశ్‌లోని గోండా, దేవరియా వంటి జిల్లాల్లో నవజాత శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించారు. పాశ్చాత్య దేశాల్లో సుమారు నాలుగు వేల మంది శిశువుల్లో ఒకరికి కనిపించే థైరాయిడ్ హార్మోను లోపం అక్కడ ప్రతి వందమందిలో పలువురికి ఉన్నట్లు తేలింది. గర్భంలోనూ, తొలి నెలల్లోనూ ఈ హార్మోను అందకపోతే మెదడుకు కలిగే నష్టాన్ని తరువాత పూర్తిగా సరిదిద్దలేము. వ్యాధి కంఠంలో కనబడుతున్నా, అసలు నష్టం పిల్లల బుద్ధి వికాసానికని రామలింగస్వామి, ఆయన సహచరులు ప్రభుత్వానికి విశదపరిచారు. 1980ల్లో దేశంలో తినే ఉప్పు అంతటినీ అయోడిన్‌తో కలపాలని కేంద్రం నిర్ణయించింది, ప్రైవేటు ఉత్పత్తిదారులకూ అనుమతి లభించింది.

రామలింగస్వామి 1969 నుంచి 1979 వరకు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా, 1979 నుంచి 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్‌గా సేవలందించారు. 1965లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, ఆపై పద్మశ్రీ, పద్మభూషణ్ పురస్కారాలు ఆయనను వరించాయి. 1986లో లండన్ రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యారు. యునిసెఫ్‌కు సలహాదారుగానూ వ్యవహరించారు. ఆఫ్రికాలోని అనేక దేశాల కన్నా దక్షిణాసియాలో పిల్లల పోషకాహార లోపం ఎందుకు అధికమో వివరిస్తూ 1996లో సహ రచయితలతో కలిసి రాసిన వ్యాసంలో, స్త్రీల స్థితిగతులే అందుకు ప్రధాన కారణమని వాదించారు.

అయోడిన్ కలపని ఉప్పును ఆహారం కోసం అమ్మరాదన్న కేంద్ర నిషేధం 1998లో అమల్లోకి వచ్చింది. ప్రజల ఇష్టానికి విడిచిపెట్టాలన్న వాదనలు, చిన్న ఉప్పు రైతుల ఆందోళనల నడుమ 2000 సెప్టెంబరులో అది రద్దయింది. మరుసటి ఏడాది 2001 మే 28న రామలింగస్వామి కన్నుమూశారు. తాను నాలుగు దశాబ్దాల కిందట నిరూపించిన విషయం మళ్లీ చట్టబద్ధం కావడాన్ని ఆయన చూడలేకపోయారు. నిషేధం 2006 మేలో తిరిగి అమల్లోకి వచ్చింది.

ఆ పని నేటికీ సంపూర్ణం కాలేదు. 2018-19 జాతీయ అయోడిన్ సర్వే ప్రకారం దేశంలో 76.3 శాతం కుటుంబాలకే తగినంత అయోడిన్ గల ఉప్పు అందుతోంది. అట్టడుగున తమిళనాడు 61.9 శాతంతో, దాని పైన ఆంధ్రప్రదేశ్ 63.9 శాతంతో నిలిచాయి. రెండూ ఉప్పు పండించే తీర రాష్ట్రాలే. ఆయన పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోనే నౌపడ ఉప్పు మడులున్నాయి. సముద్రం చేరువలో ఉన్నంత మాత్రాన అయోడిన్ లభించదు. సముద్రపు నీటి నుంచి తీసిన కల్లు ఉప్పులో అది విడిగా కలపనిదే శరీర అవసరానికి చాలదు. హిమాలయ పాద గ్రామానికి వర్తించిన సూత్రమే తమిళనాడు నడుమ ఉన్న పుదుచ్చేరిలోని విల్లియనూరుకూ, గోదావరి తీరానికీ, ఏజెన్సీ గూడేనికీ వర్తిస్తుంది. గర్భిణి ఉన్న ఇంట ఉప్పు ప్యాకెట్టు మీద అయోడిన్ గుర్తును చూసి కొనడం, మూత పెట్టి తేమ తగలకుండా భద్రపరచడం రామలింగస్వామి పరిశోధన మనకిచ్చిన అతి చవకైన చికిత్స.