దేశబాంధవి దువ్వూరి సుబ్బమ్మగారు

1922వ సంవత్సరమున మన ప్రాంతమున రెండు విధములైన కబురులు సంచరించుచుండెను. ఎగువ మన్యపు కొండలలో అల్లూరి సీతారామరాజుగారి దళము ఆగష్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి తుపాకులను గొనిపోయెను. ముందుగా మిరపకాయ కట్టిన లేఖ పంపి పిమ్మట దాడి చేయుట వారి పద్ధతియని ప్రసిద్ధి. జనులు దానిని మిరపకాయ టపా యనిరి. దిగువ డెల్టా పల్లెలలోని కబురు వేఱు. దానిని మోసినది నలుబది యేండ్లు దాటిన యొక వితంతువు. చేత ఆయుధము లేదు. మాటలో రహస్యము లేదు. ఆమెయే దువ్వూరి సుబ్బమ్మగారు. వారి చరితమును మా విద్యార్థుల కెఱిగింప దలచితిమి.

సుబ్బమ్మగారు ద్రాక్షారామమున పండిత కుటుంబమున జన్మించిరి. వారు పసిబిడ్డగా నున్న కాలముననే, 1881 డిసెంబరు 11వ తేదీన, కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. అయినను ఆ సంస్కరణ ఫలము ఈ బాలిక కందలేదు. బాల్యముననే వివాహము, బాల్యముననే వైధవ్యము వారికి ప్రాప్తించెను.

ఆ కాలమున వితంతువు ఎదురైనచో ప్రయాణికుడు ఇంటికి మరలి, కాళ్లు కడిగికొని, కొంతసేపు కూర్చుండి మఱల బయలుదేరెడివాడు. పెండ్లిపందిటిలో ఆమెకు చోటు లేదు. వంటయింటి చాకిరికి మాత్రము లోటు లేదు. సుబ్బమ్మగారికి మిగిలిన ధనము చదువొక్కటే. వారు సంస్కృతమును, తెలుగు కావ్యములను అభ్యసించి, సభలలో నిర్భయముగా మాటలాడగల నేర్పు సంపాదించిరి.

1921లో బెజవాడయందు కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము కోటి మంది సభ్యులను, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలను, 20 లక్షల రాట్నములను సమకూర్ప నిశ్చయించెను. కాగితముపై ఈ లెక్క సులభము. కాని పత్రిక చదువ నేరని యిండ్లకు, పరపురుషులు చొరరాని లోగిళ్లకు ఆ మాటను ఎవరు కొనిపోవలెను? అది స్త్రీ చేయదగిన పని. సుబ్బమ్మగారు ఖద్దరు ధరించి ఊరూర తిరిగి, దేశభక్తి పద్యములను గానము చేసి, ఉపన్యసించిరి. ఎవరి ముఖము చూచి ప్రయాణము మానుకొనుచుండిరో, అట్టి స్త్రీ రాకకై పల్లెలు ఎదురుచూడ నారంభించెను.

ప్రభుత్వము వారిని 1922లో నిర్బంధించి ఏడాది శిక్ష విధించెను. సహాయనిరాకరణోద్యమమున కారాగృహమున కేగిన తొలి ఆంధ్ర మహిళగా వారు కీర్తింపబడిరి. క్షమాపణ చెప్పినచో విడిచిపుచ్చెదమని అధికారులు తెలుపగా వారు నిరాకరించిరి. ఒక్క మాటతో ఇంటికి పోవచ్చును. కాని ఆ మాటతో, అంతవఱకు ఊరూర చెప్పిన మాటలన్నియు అబద్ధములగును. కబురు మోయువారికి నమ్మకమే ప్రాణమని వారెఱుగుదురు.

విడుదలయైన పిదపను వారు విశ్రమింపలేదు. రాజమహేంద్రవరమున స్త్రీలకై విద్యాలయము నెలకొల్పిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని మఱల చెఱసాల కేగిరి. ప్రజలు వారిని దేశబాంధవి యని గౌరవించిరి. సీతారామరాజుగారు 1924 మే 7వ తేదీన వీరమరణము నొందిరి. సుబ్బమ్మగారు స్వాతంత్ర్యమును కన్నులార గాంచి, 1964లో పరమపదించిరి.

సువార్త మోయువారి పాదములు సుందరములని మన దేవాలయములలో తఱచుగా వినుచుందుము. అయినను మన వివాహములలో సైతము వితంతువైన తల్లి వెనుక వరుసలో కూర్చుండుట మేము చూచియున్నాము. ఈ వ్యాసమును చదువు బాలబాలికలారా, మీ యింట శుభకార్యము జరుగునప్పుడు అట్టి తల్లిని చేయి పట్టుకొని ముందు వరుసకు తోడ్కొని రండు. సుబ్బమ్మగారి స్మృతికి అదియే తగిన పూజ యగును.